సర్వర్ వేసుకోవద్దు: అనంతపురం విద్యార్థులకు కొన్ని పెడసరం సలహాలు

డేటాబేస్ నేర్చుకుందామని కూర్చున్న కుర్రాడికి అందరూ చెప్పే మొదటి మాట ఒకటే: ముందు సర్వర్ వేసుకో. ల్యాబ్ మాన్యువల్ అదే చెబుతుంది, హాస్టల్లో సీనియర్ అదే చెబుతాడు, యూట్యూబ్‌లో వీడియో పెట్టినాయన అదే చెబుతాడు. జాంప్ అనే సర్వర్ ప్యాకేజీ దించుకో, స్టార్ట్ నొక్కు, పచ్చరంగు వచ్చిందా, ఇక అయిపోయింది.

నేను చెప్పేది దీనికి పూర్తిగా అడ్డం. సర్వర్ వేసుకోవద్దు. మైఎస్‌క్యూఎల్ అయినా, పోస్ట్‌గ్రెస్ అయినా, కమాండ్ లైన్ క్లయింట్ ఒక్కటే వేసుకోండి. కనెక్ట్ కావడానికి చేతిలో ఏ సర్వరూ లేకపోయినా సరే, ముందు క్లయింటే వేసుకోండి. వినడానికి పెడసరంగా ఉంటుంది. అయినా అనంతపురంలో, గుంతకల్లులో, హిందూపురంలో, కదిరిలో డేటాబేస్ పాఠం మొదలుపెట్టే ప్రతి పిల్లకీ పిల్లవాడికీ ఇదే చెబుతాను. ఎందుకో, ఎలాగో వివరంగా రాస్తున్నాను.

సర్వర్ అంటే డేటాను దాచి, కాచి, అడిగినవాళ్లకు ఇచ్చే ప్రోగ్రాం. క్లయింట్ అంటే మనం టైపు చేసిన ప్రశ్నను దాని దగ్గరికి మోసుకెళ్లి, జవాబు తెచ్చి తెర మీద పెట్టే చిన్న ప్రోగ్రాం. రెండూ ఒకే కంప్యూటర్లో ఉండి తీరాలని రూలేమీ లేదు. నిజానికి బయట లోకంలో అవి ఒకచోట ఉండడమే అరుదు.

మన సీమవాళ్లకు దీన్ని బోరుతో చెబితే చాలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. పక్క చేనులో బోరు పడిందని మనమూ వేయడం, వాళ్లు మూడొందల అడుగులకు పోతే మనం ఐదొందలకు పోవడం, చివరికి రెండూ ఎండి అప్పు మిగలడం చూడని ఊరు లేదు. అమడగూరు మండలం కుమ్మరవాండ్లపల్లి రైతులు వాసన్ సంస్థ తోడ్పాటుతో వేరే దారి పట్టారు. కొత్త బోర్లు వేయకూడదని కట్టుబాటు చేసుకున్నారు. ఉన్న బోర్లను పైపులైన్లతో కలిపారు. బోరు లేని రైతు చేనుకూ తడి అందేలా పంచుకున్నారు. ల్యాప్‌టాప్‌కొక సర్వర్ వేయడం చేనుకొక బోరు వేయడమే. క్లాసుకు ఒక్క సర్వర్ ఉండనీయండి, మిగతా అందరికీ పైపు చాలు.

మీ ల్యాప్‌టాప్ సంగతి చూడండి. నాలుగు జీబీ ర్యామ్, బ్రౌజర్ తెరిస్తేనే ఫ్యాను అరుస్తుంది. ఉబుంటులో సర్వర్ ఒకసారి వేశారంటే, మీకు దాంతో పని ఉన్నా లేకున్నా ల్యాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ అదీ లేచి కూర్చుంటుంది. మైఎస్‌క్యూఎల్ తన ఇన్నోడీబీ బఫర్ పూల్‌కు మామూలుగా 128 ఎంబీ కేటాయించుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్స్‌కూ అంతే. మీ టేబుల్‌లో పది వరసలే ఉన్నా కేటాయింపు మారదు. ఇంకా దాని లాగ్ ఫైళ్లు, దాని అప్‌డేట్లు, కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆరిపోతే మళ్లీ లేచేటప్పుడు అది చేసుకునే రికవరీ. ఇదంతా ఒక్క సెలెక్ట్ స్టేట్‌మెంట్ రాయడం నేర్చుకోవడానికి.

ర్యామ్ పోయినా పెద్ద నష్టం లేదు, వచ్చే ఏడాది ఇంకో నాలుగు జీబీ వేయించుకోవచ్చు. నన్ను బాధపెట్టేది వేరే. సర్వర్ తన ల్యాప్‌టాప్‌లోనే ఉన్న విద్యార్థి మొదటి రోజు నుంచీ రూట్. పాస్‌వర్డ్ ఖాళీ. అనుమతి అడగాల్సిన పని లేదు, దారిలో నెట్‌వర్క్ లేదు, వేరొకరి డేటా లేదు. రెండేళ్లు అలా గడిపి బెంగళూరులో ఉద్యోగంలో చేరతాడు. అక్కడ వాళ్లు చేతిలో పెట్టేది ఒక హోస్ట్ పేరు, ఒక యూజర్ పేరు, చదవడానికి మాత్రమే అనుమతి. సర్వర్ ఏ ఊళ్లో ఉందో కూడా ఎవరూ చెప్పరు. కనెక్ట్ కాకపోతే ఎక్కడ ఆగిందో వెతకడం అతనికి ఎవరూ నేర్పలేదు, ఎందుకంటే అతని ల్యాప్‌టాప్‌లో ఆగడానికి చోటే లేదు.

ఇది ఉద్యోగాలకే పరిమితమైన విషయం కాదు. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ మన నార్పల మండలం బండ్లపల్లికి వచ్చి ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. రాష్ట్రంలో ఆ పథకం లెక్కలకు టీసీఎస్ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టింది. గట్టు వేసిన కూలీల మస్టరు మండల కంప్యూటర్ కేంద్రంలో ఎక్కేది, లెక్క రాష్ట్రం మొత్తానికి ఒకచోట చేరేది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. డిజిటల్ అసిస్టెంట్ ముందున్న కంప్యూటర్లో ఊరి డేటా ఉండదు, అది అడగడానికీ ఎక్కించడానికీ మాత్రమే. చౌకధరల దుకాణంలో వేలిముద్ర పెట్టే యంత్రమూ అంతే. కాబట్టి మన పల్లెల్లో చదువు రాని అవ్వ కూడా సర్వర్ అనే మాటను నెలకోసారైనా వింటుంది:

"సర్వర్ డౌనంటమ్మా, మద్యాన్నం రాండి."

ఆ మాట ప్రతిసారీ నిజమేనా? సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా సర్వర్ డౌనే అంటారు. జాబితాలో పేరు లేకపోయినా, లాగిన్ గడువు తీరినా అదే మాట. అసలు సర్వరే ఆగిపోయినప్పుడూ అదే. వీటిలో ఒక్కోదానికి ఒక్కో పరిష్కారం, ఒక్కో మనిషి. ఏది ఎక్కడ ఆగిందో చెప్పగలిగినవాళ్లు ఊరికి ఒక్కరున్నా ఆ అవ్వ ఎండలో రెండోసారి నడిచి రావాల్సిన అవసరం ఉండదు. ఆ ఒక్కరూ మీరు కావాలని నా కోరిక. క్లయింట్ ఒక్కటే వేసుకోమని ఇంత పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే.

ఇక పనిలోకి.

ఉబుంటు ఉంటే టెర్మినల్ తెరిచి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మైఎస్‌క్యూఎల్-క్లయింట్ అని కొట్టండి. డెబియన్ అయితే పేరు డిఫాల్ట్-మైఎస్‌క్యూఎల్-క్లయింట్, దిగేది మరియాడీబీ వాళ్ల క్లయింట్. పోస్ట్‌గ్రెస్ నేర్చుకునేవాళ్లు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-క్లయింట్ అని అడగాలి, అందులో పీఎస్‌క్యూఎల్ అనే ప్రోగ్రాం వస్తుంది. చివరనున్న క్లయింట్ అనే ముక్కను మరిచిపోకండి. మరిచిపోతే ఏమవుతుందన్నది మీ లినక్స్ ఏదన్నదాని మీద ఆధారపడుతుంది, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఉబుంటు, డెబియన్లలో ఉత్త పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని అడిగితే సర్వర్ మొత్తం దిగుతుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో డీఎన్‌ఎఫ్‌తో అదే పేరు అడిగితే క్లయింట్ దిగుతుంది, సర్వర్ కావాలంటే చివర హైఫన్ పెట్టి సర్వర్ అని చేర్చాలి. రెడ్‌హ్యాట్ 8, 9లలో మైఎస్‌క్యూఎల్ అన్న పేరుదీ అదే కథ. పేరు ఒకటే, దిగే వస్తువు వేరు. అందుకే ఉబుంటు వాడే మిత్రుడు పంపిన లైనును రెడ్‌హ్యాట్‌లో, రెడ్‌హ్యాట్ లైనును ఉబుంటులో అతికించవద్దు.

ఎంటర్ కొట్టగానే ఆప్ట్ ఒక జాబితా చూపించి, కొనసాగమంటారా అని అడుగుతుంది. అందరూ చూడకుండానే వై నొక్కుతారు. మీరు ఆగి ఆ జాబితా చదవండి. మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌కైతే అందులో మైఎస్‌క్యూఎల్-క్లయింట్, దాని వెర్షన్ నంబరుతో ఇంకొకటి, క్లయింట్-కోర్ అని ఒకటి, మైఎస్‌క్యూఎల్-కామన్ అని ఒకటి కనిపిస్తాయి. సర్వర్ అనే మాట ఆ వరసలో ఎక్కడైనా కనిపిస్తే ఎన్ నొక్కి బయటికి రండి. భయముంటే ఇన్‌స్టాల్ పక్కన హైఫన్ ఎస్ చేర్చండి. ఏమీ దించకుండా, ఏమేం దింపబోతుందో మాత్రం చెబుతుంది. మొబైల్ డేటాతో బతికే హాస్టల్ గదిలో ఈ ఒక్క అక్షరం ఎంతో ఆదా.

మ్యాక్ వాళ్లకు బ్రూ ఇన్‌స్టాల్ మైఎస్‌క్యూఎల్-క్లయింట్, పోస్ట్‌గ్రెస్‌కు బ్రూ ఇన్‌స్టాల్ లిబ్‌పీక్యూ. రెండూ దిగాక పాత్‌లో మనమే చేర్చుకోవాలి, లేకపోతే ప్రోగ్రాం ఉన్నా కమాండ్ దొరకలేదంటుంది. విండోస్‌లో పోస్ట్‌గ్రెస్ ఇన్‌స్టాలర్ నాలుగు గడులు చూపిస్తుంది, కమాండ్ లైన్ టూల్స్ ఒక్కదానికే టిక్ ఉంచి మిగతా మూడూ తీసేయండి.

ఇప్పుడు క్లయింట్ ఉంది. సర్వర్ లేదు. ఉబుంటు టెర్మినల్లో ఉత్త మైఎస్‌క్యూఎల్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. తప్పకుండా ఎర్రర్ వస్తుంది, రావాలి. నంబరు 2002. సాకెట్ ద్వారా లోకల్ మైఎస్‌క్యూఎల్ సర్వర్‌కు కనెక్ట్ కాలేకపోతున్నానని చెప్పి, స్లాష్ వార్ స్లాష్ రన్ అంటూ ఒక ఫైలు దారి చూపించి, చివర బ్రాకెట్లో 2 అని ముగిస్తుంది. నూటికి తొంభై మంది ఇక్కడే తప్పుడు దారి పడతారు. "లోకల్ సర్వర్ లేదంటోందన్నా, సర్వర్ వేయాల్నేమో" అని సీనియర్‌ని అడుగుతారు, ఆయన వేయించేస్తాడు. క్లయింట్ అడిగింది అది కాదు. మీరు ఎక్కడికి పోవాలో చెప్పలేదు కాబట్టి, ఈ కంప్యూటర్లోనే ఉందేమోనని సాకెట్ ఫైలు కోసం చూసింది. ఆ చివరి 2 అంటే అలాంటి ఫైలే లేదని లినక్స్ చెప్పడం. దానికి మందు సర్వర్ వేయడం కాదు, హైఫన్ చిన్న హెచ్ పెట్టి హోస్ట్ పేరు చెప్పడం. పీఎస్‌క్యూఎల్ కూడా ఇలాంటి ఫిర్యాదే చేస్తుంది, దానికీ ఇదే మందు.

ఈ నంబర్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ల్యాబ్ మాన్యువల్లో ఉండదు. మైఎస్‌క్యూఎల్‌లో 2000 నుంచి 2999 వరకు ఉన్న ఎర్రర్లు మీ క్లయింట్ చెప్పేవి. అంటే మాట ఇంకా సర్వర్ దాకా చేరలేదు, లేదా దారిలో తెగింది. 1000 నుంచి 1999 వరకు ఉన్నవి సర్వర్ చెప్పేవి. అంటే అది లేచే ఉంది, మీ మాట విన్నది, కాదంది.

కాబట్టి 2005 వస్తే హోస్ట్ పేరే తప్పు, లేదా ఆ పేరును అడ్రసుగా మార్చేవాళ్లు దొరకలేదు. స్పెల్లింగ్ చూడండి, నెట్ ఉందో లేదో చూడండి. 2003 వస్తే చివర బ్రాకెట్లోని అంకె తప్పకుండా చదవండి. లినక్స్‌లో 110 అంటే పిలిచి పిలిచి అలసిపోయాను, ఎవరూ పలకలేదని: అడ్రసు తప్పో, మధ్యలో ఫైర్‌వాలో, ఆ యంత్రం ఆపేసి ఉందో. 111 అంటే యంత్రం పలికింది, కానీ ఆ పోర్టు దగ్గర ఎవరూ లేరని. సర్వర్ నిజంగా ఆగి ఉండొచ్చు, లేదా తన యంత్రం లోపలివాళ్లతోనే మాట్లాడేలా కట్టేసి ఉండొచ్చు. మన ఊళ్లో అనే సర్వర్ డౌన్ అన్న మాట అచ్చంగా సరిపోయే చోటు ఏదైనా ఉంటే అది ఈ 111 దగ్గరే, అదీ సగమే.

1130 వస్తే సర్వర్ పలికింది, మీరు వచ్చిన యంత్రం నుంచి ఎవరినీ రానివ్వనంటోంది. 1045 వస్తే యూజరో పాస్‌వర్డో కుదరలేదు. 1044, 1049 వస్తే లోపలికి వచ్చేశారు, ఆ డేటాబేస్ మీద మీకు హక్కు లేదు, లేదా ఆ పేరుతో డేటాబేసే లేదు. 1142 వస్తే టేబుల్ దాకా పోయారు, చేయబోయిన పనికి మాత్రం అనుమతి లేదు. యాక్సెస్ డినైడ్ అని చూడగానే మొహం వేలాడేసే పిల్లల్ని చూస్తుంటాను. 1045 వచ్చిందంటే నెట్ బాగుంది, అడ్రసు సరైంది, పోర్టు తెరిచి ఉంది, సర్వర్ లేచి ఉంది. నాలుగు అనుమానాలు ఒక్క నంబరుతో తీరిపోయాయి. సర్వర్ సొంత ల్యాప్‌టాప్‌లో ఉన్నవాడికి వీటిలో చాలా నంబర్లు డిగ్రీ అయ్యేదాకా ఎదురుపడవు. మీరు ఒక నోటుబుక్కు పెట్టి, వచ్చిన ప్రతి నంబరూ, దాని కారణమూ, తీసిన తీరూ రాసుకోండి.

మరి ఆ ఒక్క సర్వర్ ఎక్కడ? కాలేజీ ల్యాబ్‌లో మూలనపడిన పాత డెస్క్‌టాప్ చాలు. దాని మీద ఉబుంటు, మైఎస్‌క్యూఎల్ సర్వర్. మీ హెచ్‌ఓడీ గారిని నలుగురు కలిసి వెళ్లి మర్యాదగా అడగండి. "సార్, ఒక్క మిషన్ ఇయ్యండి, అరవై ల్యాప్‌టాప్‌ల తలనొప్పి తగ్గుతుంది" అంటే వినని సార్లు తక్కువ. మైఎస్‌క్యూఎల్ ఒకేసారి 151 కనెక్షన్లను మామూలుగానే ఒప్పుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ 100. ఒక సెక్షన్ మొత్తం కూర్చున్నా ఇంకా చోటుంటుంది.

అక్కడ చేయాల్సిన మార్పు ముఖ్యంగా ఒకటి. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ 127.0.0.1కే కట్టుబడి వస్తుంది, బైండ్-అడ్రస్ మార్చితేనే ల్యాబ్ నెట్‌వర్క్‌లోని వాళ్లకు పలుకుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో లిజన్-అడ్రసెస్, దాంతోపాటు హెచ్‌బీఏ ఫైలు. తర్వాత ప్రతి విద్యార్థికీ సొంత యూజరు, సొంత డేటాబేసు ఇచ్చి, దాని మీద మాత్రమే హక్కులు గ్రాంట్ చేయాలి. రూట్ పాస్‌వర్డ్ ల్యాబ్ అసిస్టెంట్ దగ్గరే ఉండాలి, విద్యార్థి సంఘం నాయకుడి దగ్గర కూడా వద్దు.

సెలవులకు కళ్యాణదుర్గమో మడకశిరో వెళ్లినప్పుడు ఆ సర్వర్‌కు ఎలా చేరాలి? 3306 పోర్టును రూటర్లో లోకానికంతటికీ తెరిచేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినవద్దు. పాస్‌వర్డులు ఊహించి కొట్టే ప్రోగ్రాములు ఇరవై నాలుగు గంటలూ అలాంటి తెరిచిన పోర్టుల కోసం తిరుగుతుంటాయి. కాలేజీవాళ్లు ఆ యంత్రంలోకి దూరం నుంచి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ ఇస్తే దాని హైఫన్ పెద్ద ఎల్ ఆప్షన్‌తో మీ 3307ను అక్కడి 3306కు కలపండి. ఆ తర్వాత క్లయింట్‌కు హోస్టుగా 127.0.0.1 అని అంకెల్లోనే ఇవ్వండి, హైఫన్ పెద్ద పీతో పోర్టు 3307 ఇవ్వండి. అంకెలు బరువనిపించి లోకల్‌హోస్ట్ అని రాశారో, మైఎస్‌క్యూఎల్ క్లయింట్ మీరిచ్చిన పోర్టును పక్కన పెట్టి మళ్లీ సాకెట్ ఫైలు కోసం వెతుకుతుంది, మళ్లీ అదే 2002. చిన్న పీ పాస్‌వర్డ్‌కు, పెద్ద పీ పోర్టుకు. పీఎస్‌క్యూఎల్‌లో మాత్రం చిన్న పీయే పోర్టు. దీనికి బట్టీ కొట్టడం తప్ప మార్గం లేదు.

పల్లెలో ఒక గీత సిగ్నల్‌తో పని చేయాల్సి వచ్చినప్పుడే క్లయింట్ విలువ తెలుస్తుంది. మీరు పంపే ప్రశ్న రెండు లైన్లు. బరువంతా జవాబులో ఉంటుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 63 మండలాలు. మండలానికి రోజుకొక వాన లెక్క చొప్పున ఒక టేబుల్ కట్టామనుకోండి. ఏడాదికి 22,995 వరసలు, ముప్పై ఏళ్లకు, లీపు రోజులు వదిలేసినా, 6,89,850. సెలెక్ట్ స్టార్ కొట్టి ఆ మొత్తాన్నీ మీ ఊరికి రప్పించి ఎక్సెల్‌లో సగటు తీస్తామంటే తెల్లవారుతుంది. పైగా మైఎస్‌క్యూఎల్ క్లయింటూ పీఎస్‌క్యూఎలూ మామూలుగా జవాబు మొత్తం మెమరీలోకి చేరాకే చూపించడం మొదలుపెడతాయి. గ్రూప్ బై పెట్టి మండలాల వారీగా సగటు అక్కడే తీయమని అడిగితే వచ్చేవి 63 వరసలే. సెలెక్ట్ స్టార్‌ను మొదటి ఆరు నెలలు పూర్తిగా మానేయండి. కావలసిన కాలమ్‌ల పేర్లు రాయండి, లిమిట్ పెట్టండి. తీరా ల్యాబ్‌కు వెళ్లి గిగాబిట్ కేబుల్ దొరికినప్పుడు కూడా ఆ అలవాటు పోదు, పోకూడదు.

గంటసేపు పట్టే పనిని మీ ల్యాప్‌టాప్ నుంచి నడపకండి. ఎస్‌ఎస్‌హెచ్‌లో ల్యాబ్ మిషన్‌కు వెళ్లి, అక్కడ టీమక్స్ తెరిచి, అందులో నడపండి. లైను తెగినా పని సాగుతుంది. లేకపోతే కనెక్షన్ పోయిందని తెలియగానే, కమిట్ కాని ట్రాన్సాక్షన్‌ను సర్వర్ మొత్తం వెనక్కి తిప్పేస్తుంది. అది మన మంచికే అయినా, గంట పోతుంది.

పాస్‌వర్డ్‌ను కమాండ్ లైన్లో ఎప్పుడూ రాయకండి. మైఎస్‌క్యూఎల్‌లో హైఫన్ చిన్న పీ అని ఆపేస్తే అదే అడుగుతుంది. లైన్లో రాస్తే షెల్ హిస్టరీలో పడుంటుంది, ల్యాబ్‌లో తర్వాత కూర్చున్నవాళ్లు పైబాణం నొక్కితే చాలు. ప్రతిసారీ టైపు చేయడం విసుగైతే హోమ్‌లో డాట్ మై డాట్ సీఎన్‌ఎఫ్ ఫైల్లో పెట్టి, దాని పర్మిషన్ 600 చేయండి. పోస్ట్‌గ్రెస్ వాళ్ల డాట్ పీజీపాస్ ఫైలు ఇంకా పట్టుదల గలది: లినక్స్‌లో ఇతరులు చదవగలిగేలా ఉంటే దాన్ని అసలు పట్టించుకోదు.

ఆ సీఎన్‌ఎఫ్ ఫైల్లోనే సేఫ్-అప్‌డేట్స్ అనే ఒక్క మాట చేర్చుకోండి. అప్పుడు కీ కాలమ్ మీద వేర్ షరతు గానీ, లిమిట్ గానీ లేని అప్‌డేట్, డిలీట్‌లను మైఎస్‌క్యూఎల్ చేయనివ్వదు. సెలెక్ట్ కూడా వెయ్యి వరసల దగ్గర ఆగుతుంది. సొంత ల్యాప్‌టాప్ సర్వర్లో డిలీట్ పొరపాటైతే పోయేది మీ అభ్యాసం. ఉపాధి కూలీల టేబుల్ లాంటిది ఎప్పుడైనా మీ చేతికొస్తే పోయేది ఒకరి వారం కూలి. వేలు ఎంటర్ మీదికి పోయే ముందు ఆగే అలవాటు ఇప్పుడే పడాలి.

వర్క్‌బెంచ్, పీజీఅడ్మిన్, పీహెచ్‌పీమైఅడ్మిన్ లాంటి బొమ్మల తెరలు మొదటి సెమిస్టర్ ముట్టుకోవద్దు. చెడ్డవని కాదు. గడుల్లో టిక్కులు పెట్టి టేబుల్ తయారుచేసినవాళ్లను క్రియేట్ టేబుల్ కాగితం మీద రాయమంటే పెన్ను ఆగిపోతుంది, పరీక్షలోనూ, ఇంటర్వ్యూలోనూ.

వెర్షన్ల గురించి క్లుప్తంగా. మైఎస్‌క్యూఎల్ 8.0 వచ్చింది 2018లో, దాంతోపాటు పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మారింది. చాలా పాత క్లయింట్ ఆ ప్లగిన్ నాకు లేదంటుంది, క్లయింట్‌ను కొత్తది చేసుకుంటే సరి. పీజీ-డంప్ తనకంటే కొత్త సర్వర్ నుంచి బ్యాకప్ తీయనని మొండికేస్తుంది, అక్కడా క్లయింటే మారాలి.

"నెట్ లేదు, ల్యాబ్ లేదు, సెలవులకు ఇంట్లో ఉన్నాను, సెలెక్ట్ ఎలా ప్రాక్టీస్ చేయాల?" అని అడిగే పిల్లలకు కూడా నా జవాబు సర్వర్ వేసుకోమని కాదు. ఎస్‌క్యూలైట్ వేసుకోండి. రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టిన ఈ డేటాబేస్‌కు సర్వరే లేదు. డేటా ఒక మామూలు ఫైలు, దాన్ని తెరిచే చిన్న ప్రోగ్రాం, అంతే. మీ ఆండ్రాయిడ్ ఫోను లోపల యాప్‌లు వాడుకునేదీ అదే. జాయిన్లు, గ్రూప్ బై, సబ్‌క్వెరీలు అన్నీ అందులో నేర్చుకోవచ్చు. యూజర్లు, హక్కులు, నంబర్ల సంగతి మాత్రం కాలేజీ తెరిచాక.

సర్వర్ నడపడం ఎప్పుడు నేర్చుకోవాలని కూడా అడుగుతారు, అడగాలి. మీరు కాక ఇంకొకరు దానికి కనెక్ట్ కావలసిన పని పడినప్పుడు. ఊళ్లో పాలకేంద్రం లెక్కలో, మహిళా సంఘం పొదుపు లెక్కలో, మీ బావుల నీటిమట్టాల పట్టికో నలుగురు కలిసి చూడాలనుకున్నప్పుడు ఒక వేరే యంత్రం మీద వేయండి. అప్పుడు బ్యాకప్, యూజర్లు, కరెంటు, అన్నీ నిజమైన ప్రశ్నలవుతాయి.

ఇప్పటికే సర్వర్ వేసుకున్నవాళ్లు కంగారుపడి పీకేయకండి. ముందు మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో మీ డేటాబేసును ఒక ఫైల్లోకి తీయండి, ఆ ప్రోగ్రాం క్లయింట్‌తోనే వస్తుంది. ఆ ఫైలును ల్యాబ్ సర్వర్లో మీ పేరిట ఉన్న డేటాబేసులోకి ఎక్కించండి. రెండు చోట్లా ప్రతి టేబుల్‌కు కౌంట్ కొట్టి పోల్చండి. అంకెలు కలిశాక సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్ హైఫన్ హైఫన్ నౌ అని సర్వీసును ఆపండి. ఎస్‌ఎస్ హైఫన్ ఎల్‌టీఎన్ అని చూస్తే 3306 పోర్టు కనిపించకూడదు. ఒక వారం అలా గడవనీయండి. ఆ తర్వాత ఆప్ట్ రిమూవ్‌తో తీసేయండి. మైఎస్‌క్యూఎల్-సర్వర్ అన్న పేరు ఉత్త చీటీ మాత్రమే, అసలు సర్వర్ వెర్షన్ నంబరున్న ప్యాకేజీలో ఉంటుంది, తీసే జాబితాలో అదీ కనిపించాలి. రిమూవ్ బదులు పర్జ్ అంటే డేటా ఉన్న ఫోల్డరును కూడా తీసేయమంటారా అని అడుగుతుంది. డంప్ ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా చేరేదాకా దానికి నో అనే చెప్పండి.